గాలాపాగోస్: దూరం పెంచిన ప్రాణులు

దక్షిణ అమెరికా పడమటి తీరం నుంచి పసిఫిక్ మహాసముద్రం మీదుగా సుమారు వెయ్యి కిలోమీటర్లు వెళ్తే, భూమధ్యరేఖకు అటూ ఇటూ పరుచుకుని నల్లటి లావా దీవుల గుంపు ఒకటి కనిపిస్తుంది. అదే గాలాపాగోస్ ద్వీపసమూహం. పది చదరపు కిలోమీటర్లకు మించిన దీవులు 13, చిన్నవి ఇంకొన్ని, నీళ్లలోంచి తల మాత్రం పైకెత్తిన రాళ్లూ తిప్పలూ నూరుకు పైనే. అన్నీ కలిపినా నేల సుమారు 8,000 చదరపు కిలోమీటర్లు, అంటే 2022లో విడగొట్టక ముందున్న కృష్ణా జిల్లా కన్నా కాస్త తక్కువ. 1832లో ఈక్వడార్ దేశం వీటిని తనలో కలుపుకుంది. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితా మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట చేర్చిన డజను పేర్లలో ఇదొకటి. ఈ దీవుల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా రెండు బిరుదులు వెంటబడి వస్తాయి: ఒకటి ‘పరిణామ ప్రయోగశాల’, రెండోది ‘మనిషి చెయ్యి పడని ప్రకృతి’. మొదటిది సగం నిజం. రెండోది బొత్తిగా నిజం కాదు. ఇక్కడి జీవజాలాన్ని ఇలా మలిచింది ప్రధానంగా దూరం. ఖండానికీ దీవికీ మధ్య దూరం, దీవికీ దీవికీ మధ్య దూరం. గత 500 ఏళ్లలో ఓడలు వచ్చి ఆ దూరాన్ని చెరిపేశాయి. ఇప్పుడక్కడ ఉన్నది తుపాకులతో, ఎలుకల మందుతో, గుడ్లు పొదిగే పెట్టెలతో, ప్రయాణికుల సంచుల తనిఖీతో మనుషులు పనిగట్టుకుని నిలబెడుతున్న దూరం. ఈ సంగతి ఒప్పుకోకుండా గాలాపాగోస్ గురించి ఎంత చెప్పుకున్నా అది సగం కథే.

అగ్నిపర్వతానికి దక్కాల్సిన వాటా ముందు ఇచ్చేద్దాం. భూగర్భంలో ఒకచోట కుదురుగా ఉన్న వేడి ఊట మీదుగా నాజ్కా ఫలకం తూర్పు దిక్కుకు ఏడాదికి సుమారు ఐదు సెంటీమీటర్లు జరుగుతూ పోతుంది. ఊట మీద ఉన్నంతకాలం దీవి పెరుగుతుంది. దాటిపోయాక చల్లబడి, కోసుకుపోయి, తన బరువుకే కుంగుతూ చివరికి నీట మునుగుతుంది. అందుకే పడమటి దీవులు పసివి, తూర్పు దీవులు ముసలివి. పడమటి అంచున ఉన్న ఫెర్నాండినా ఇంకా మండుతూనే ఉంది. 2018లో, 2020లో, 2024లో లావా కక్కింది. 1968లో దాని శిఖరం మీది బిలం అడుగు ఏకంగా 300 మీటర్లకు పైగా కుంగిపోయింది. దాని పక్కనున్న ఇసబెలా ఆరు అగ్నిపర్వతాలు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడ్డ దీవి. మొత్తం నేలలో సగానికి పైగా అదొక్కటే. తూర్పు కొసన ఉన్న ఎస్పన్యోలాలో నిప్పు ఎప్పుడో ఆరిపోయింది. దాని వయసు 30, 40 లక్షల ఏళ్లు. ఇంకా తూర్పుకు వెళ్తే సముద్రం అడుగున ఒకప్పటి దీవుల మొండేలున్నాయి. పాత దీవి మునిగేలోగా పక్కన కొత్తది లేవడం, ప్రాణులు కాపురం అక్కడికి మార్చుకోవడం ఎన్నిసార్లు జరిగిందో! అయితే లావా ఒక్కటే ఇదంతా చేసిందనుకుంటే పొరపాటు. జావా, సుమత్రా కూడా అగ్నిపర్వతాల దీవులే. మంచుయుగాల్లో సముద్రం వెనక్కి తగ్గి ఆసియాతో నేల కలిసినప్పుడు పులులూ ఏనుగులూ అక్కడికి నడిచే వచ్చాయి. గాలాపాగోస్‌కు నడిచి వచ్చిన ప్రాణి ఒక్కటీ లేదు.

కాబట్టి ఇక్కడ ఏమున్నాయో చూసే ముందు ఏమి లేవో చూడాలి. 20వ శతాబ్దం చివర్లో సరుకుల ఓడల్లో పడి వచ్చేవరకు ఈ దీవుల్లో కప్ప లేదు. నేల మీద తిరిగే పాలిచ్చే జంతువుల్లో చిన్న ఎలుకలు, గాలిలో గబ్బిలాలు తప్ప మరేవీ సొంతంగా చేరలేదు. జింక లేదు, కుందేలు లేదు, నక్క లేదు, పిల్లి లేదు. వారాల తరబడి ఉప్పునీళ్ల మీద, ఎండలో, తాగడానికి చుక్క లేకుండా కొట్టుకువచ్చినా చావని ప్రాణి మాత్రమే ఒడ్డెక్కగలిగింది. కప్ప చర్మం ఉప్పుకు ఓర్వదు. తాబేలు మాత్రం నీళ్ల మీద తేలుతుంది, నెలల తరబడి తిండీ నీళ్లూ లేకపోయినా బతుకుతుంది. వరద నదులు సముద్రంలోకి ఈడ్చుకొచ్చిన దుంగల మీద బల్లులు, పాములు, ఇగువానాలు వచ్చి ఉంటాయి. గింజలు పిట్టల కడుపుల్లోనూ కాళ్లకంటిన బురదలోనూ వచ్చాయి. ఇలా వచ్చినవాటికి ఇక్కడ కొలువులన్నీ ఖాళీ. గడ్డి మేసే పశువులు లేవు గనుక ఆ పని తాబేలు చేపట్టింది. పెద్ద మగ తాబేలు 200 కిలోలకు పైగా తూగుతుంది. అడవి చెట్లు అంతగా రాలేదు గనుక మన బంతి, చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికే చెందిన స్కలేసియా అనే మొక్క చెట్టయి కూర్చుంది. సాంతాక్రూజ్ దీవి ఎత్తు ప్రాంతాల్లో ఇవి 15 మీటర్ల దాకా ఎదిగి, నాచు వేలాడే కొమ్మలతో అడవిలా కమ్ముకుంటాయి. మన చేలగట్ల మీద మోకాలెత్తు పెరిగే నాగజెముడు ఇక్కడ ఎర్రటి బెరడుతో, తాటిచెట్టు మానులాంటి మానుతో నిలువుగా లేస్తుంది. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది గానీ, ఖాళీ ఊళ్లో మిగిలిన నలుగురూ అన్ని పనులూ పంచుకున్నట్టే ఇది.

నేల మీద ఇంత కరువున్నా సముద్రంలో కొదవ లేదు. దక్షిణం నుంచి హంబోల్ట్ ప్రవాహం చల్లటి నీళ్లు తెస్తుంది. పడమటి నుంచి సముద్రం లోతున వచ్చే క్రోమ్‌వెల్ ప్రవాహం ఫెర్నాండినా, ఇసబెలా గోడలకు కొట్టుకుని పైకి లేస్తుంది, అడుగున ఉన్న పోషకాలను వెంట తెస్తుంది. భూమధ్యరేఖను దాటి ఉత్తరాన కూడా పెంగ్విన్లు సహజంగా బతికే చోటు ప్రపంచంలో ఇదొక్కటే ఎందుకైందో దీనితో తెలుస్తుంది. ఎగరడం మానేసిన నీటికాకి కూడా ఈ రెండు దీవుల చుట్టూనే ఉంది. వేటాడే జంతువు లేనిచోట, తిండి గట్టు కిందే దొరికేచోట రెక్కల అవసరం తీరిపోయింది. ఇక ఉడుమంత ఉండే సముద్రపు ఇగువానా. ప్రపంచంలో సముద్రంలో దిగి మేత మేసే బల్లి ఇదొక్కటే. పొద్దున్నే నల్లటి లావా మీద నల్లటి ఒళ్లు ఆరబెట్టుకుని వేడెక్కుతుంది. పెద్ద మగవి చల్లటి నీళ్లలో మునిగి రాతికి గోళ్లు దిగేసి పట్టుకుని నాచు కొరుకుతాయి. వణికిపోయే లోపు తేలి మళ్లీ ఎండకెక్కుతాయి. మింగిన ఉప్పును ముక్కులోంచి చీదేస్తాయి. అది నెత్తిమీదే పడి తెల్లటి పొలుసు కడుతుంది. ఎల్ నినో వచ్చినప్పుడు నీళ్లు వేడెక్కి నాచు చచ్చిపోతుంది. అప్పుడు ఈ ఇగువానాలు బక్కచిక్కడమే కాదు, పొడవులోనే కుదించుకుపోతాయి. కొన్ని ఐదో వంతు దాకా. తిండి దొరికాక మళ్లీ పెరుగుతాయి. వెన్నెముక ఉన్న జంతువు పెద్దదయ్యాక పొడవు తగ్గి పెరగడం మరెక్కడా దాదాపు విననిది. 1982-83 ఎల్ నినోలో నాలుగింట మూడు వంతుల పెంగ్విన్లు పోయాయి. ప్రకృతి ఇక్కడ ఏనాడూ మెత్తనిది కాదు. తర్వాత వచ్చే వాదానికి ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఖండం నుంచి దూరం ఎవరు రావాలో తేల్చింది. వచ్చినవాళ్లు ఏమవ్వాలో దీవుల మధ్య దూరం తేల్చింది. తేమగల ఎత్తు దీవుల్లో తాబేలు డిప్ప బోర్లించిన మూకుడులా గుండ్రంగా ఉంటుంది. మెట్ట దీవుల్లో డిప్ప ముందంచు గుర్రపు జీనులా పైకి లేచి ఉంటుంది. మెడ నిక్కించి నాగజెముడు మట్టలు అందుకోవడానికి అది వీలు. తాబేలు అనే అర్థమున్న ‘గాలాపాగో’ అన్న స్పానిష్ మాట నుంచే దీవులకు పేరు వచ్చింది. 1835 సెప్టెంబరులో బీగిల్ ఓడ మీద వచ్చిన చార్లెస్ డార్విన్ ఐదు వారాల్లో నాలుగు దీవుల మీద కాలు పెట్టాడు. డిప్ప చూసి అది ఏ దీవి తాబేలో చెప్పగలనని అప్పటి వైస్ గవర్నర్ నికొలస్ లాసన్ ఆయనతో అన్నాడు. డార్విన్ ఆ మాటను వెంటనే పట్టించుకోలేదు. ఓడవాళ్లు తాబేళ్లను వండుకుతిని డిప్పలను సముద్రంలో పారేశారు. ఫించ్ పిట్టల ముక్కులు చూసిన క్షణాన ఆయనకు పరిణామం స్ఫురించిందన్న కథ బడిపిల్లలకు చెప్పడానికి బాగుంటుంది గానీ, ఏ పిట్టను ఏ దీవిలో పట్టాడో ఆయన సరిగా రాసుకోనేలేదు. ఇవన్నీ ఒకే కుటుంబపు వేర్వేరు జాతులని 1837లో లండన్‌లో తేల్చినవాడు జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త. డార్విన్ దీవి పేరుతో సహా జాగ్రత్తగా రాసుకున్నది మాకింగ్‌బర్డ్ పిట్టల గురించి. అనుమానం అక్కడ మొదలైంది. దూరం విలువ అక్కడున్నప్పుడు ఆయనకూ తెలియలేదు, ఇంటికెళ్లాక తెలిసింది.

ఫించ్‌ల అసలు కథ 140 ఏళ్ల తర్వాతది, నా దృష్టిలో ఇంకా గొప్పది. 1973 నుంచి పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు డాఫ్నే మేజర్ అనే చిన్న దీవి మీద డేరా వేసి, దాదాపు ప్రతి పిట్టనూ పట్టి, కాలికి కడియం తొడిగి, ముక్కు కొలిచారు. అర చదరపు కిలోమీటరు కూడా లేని ఆ గుట్ట మీద 1977లో వాన దాదాపు పడలేదు. మెత్తటి చిన్న గింజలు ముందే అయిపోయాయి. మిగిలినవి మన పల్లేరు కాయకు దగ్గరి చుట్టమైన ఒక ముళ్ల కాయలు. లావు ముక్కున్న పిట్ట దాన్ని పగలగొట్టి గింజ తినగలదు, సన్న ముక్కు పిట్టకు చేతకాదు. మధ్యరకం నేల ఫించ్‌లలో నూటికి 85 చచ్చాయి. బతికినవాటి ముక్కు మందం సగటున అర మిల్లీమీటరు ఎక్కువ. వాటి పిల్లలకూ అదే వచ్చింది. 1983లో ఎల్ నినో వానలు ముంచెత్తి చిన్న గింజలు విరగపండాక గాలి మళ్లీ సన్న ముక్కుల వైపు తిరిగింది. లక్షల ఏళ్లు పడుతుందనుకున్న పని నాలుగు రుతువుల్లో కళ్లెదుట జరిగింది. ఇక్కడే మొదటి అభ్యంతరం లేస్తుంది. పరిణామం ఇంత చురుకైనదైతే, కొత్తగా వచ్చిన ఎలుకకూ మేకకూ కూడా ఈ ప్రాణులు అలవాటు పడతాయి కదా, మనిషి తలదూర్చడం ఎందుకు అని. దానికి జవాబు ఆ అర మిల్లీమీటరులోనే ఉంది. కరువు కొత్త ముక్కును పుట్టించలేదు. అప్పటికే ఉన్న రకరకాల ముక్కుల్లోంచి ఏరుకుంది. ఎలుకను తట్టుకునే తాబేలు పిల్ల అంటూ ఉంటేగా ఏరుకోవడానికి! కోడిగుడ్డంత మెత్తటి పిల్లలు ఏ దీవిలోనైనా ఒకటే.

దూరం తెగిన రోజు తేదీతో సహా తెలుసు. 1535 మార్చి 10న పనామా బిషప్ తోమాస్ దె బెర్లాంగా ఓడ గాలి ఆగిపోయి ప్రవాహంలో కొట్టుకుపోతూ ఇక్కడ తేలింది. మంచినీళ్లు దొరక్క ఆయన మనుషులు జెముడు మట్టలు నమిలి దాహం తీర్చుకున్నారు. ఆ తర్వాత సముద్రపు దొంగలు, వాళ్ల వెనక తిమింగలాల వేటగాళ్లు వచ్చారు. నెలల తరబడి ఒడ్డు చూడని ఓడకు, తిండీ నీళ్లూ అడగకుండా ఏడాది దాకా బతికుండే తాబేలు నడిచే మాంసపు పెట్టె. ఓడ అడుగు గదిలో వెల్లకిలా పడేసి ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. ఇలా పోయినవి లక్షకు తక్కువ ఉండవని అంచనా. తీసుకుపోవడం కన్నా వదిలిపోవడం వల్ల చేటు ఎక్కువ జరిగింది. ఎలుకలు ఓడ తాళ్ల మీదుగా దిగాయి. తిరిగి వచ్చేటప్పటికి మాంసం సిద్ధంగా ఉంటుందని మేకలను వదిలారు. తర్వాత కాపురాలు పెట్టినవాళ్లతో పందులు, గాడిదలు, పిల్లులు, కుక్కలు, జామ, సింకోనా వచ్చాయి. పింటా దీవి మీద 1959లో జాలర్లు వదిలింది మూడు మేకలను. పదిహేనేళ్లు తిరక్కుండానే అవి వేలకు వేలయ్యాయి.

పిట్టలూ అలలూ గింజలు తేగా లేనిది మనిషి తెస్తే తప్పేమిటి, మనిషీ ప్రకృతిలో భాగమే కదా అన్నది రెండో అభ్యంతరం. మాట వినసొంపుగా ఉంది, లెక్క వేసి చూడాలి. ఈ దీవులకు సొంతమైన మొక్కల జాతులు సుమారు 500. దీవుల వయసు 30 లక్షల ఏళ్లే అనుకుని, ప్రతి జాతీ బయటి నుంచే వచ్చిందనుకున్నా, సగటున 6,000 ఏళ్లకు ఒక మొక్క. మనుషుల వెంట వచ్చిన మొక్కలు 800కు పైగా, అదీ 500 ఏళ్లలోపు. అంటే ఏడెనిమిది నెలలకొకటి. రెండూ ఒకటే అనడం చినుకూ వరదా ఒకటే అనడం లాంటిది. పైగా మనిషి తెచ్చినవి ఒంటరిగా రావు. మొక్కతో పురుగు, మట్టితో చీమ, కోడితో రోగం వస్తాయి. స్కలేసియా అడవిని ఇవాళ కమ్మేస్తున్న ముళ్ల పొద మన దేశపు కొండల్లోనూ పెరిగే మైసూర్ రాస్ప్‌బెర్రీ. పళ్ల కోసం నాటారు. పిట్టలు గింజలు చల్లాయి. ఇప్పుడది మనిషెత్తుకు మించి అల్లుకుని కింద స్కలేసియా మొలకను లేవనివ్వదు. అటువైపు అమెరికా ఖండం నుంచి మనకొచ్చిన సర్కారు తుమ్మ చెరువుగట్లనూ బంజర్లనూ ఎలా మింగిందో తెలుగు రైతుకు చెప్పక్కర్లేదు. రెండు మొక్కలూ పుట్టినచోట బుద్ధిగానే ఉన్నాయి. వాటిని అక్కడ అదుపులో పెట్టిన పురుగూ తెగులూ మాత్రం వెంట రాలేదు.

మేకల సంగతి దగ్గరగా చూస్తే గానీ తెలియదు. ఇసబెలాలోని అల్సేదో అగ్నిపర్వతం అంచున పొడి కాలంలో వాన ఉండదు, ‘గరువా’ అనే పొగమంచు తుంపర ఉంటుంది. ఆ మంచును పట్టేది చెట్లే: ఆకుల మీద, కొమ్మలకు వేలాడే నాచు మీద తడి కూడుకుని బొట్లు బొట్లుగా కిందికి కారి చిన్న మడుగులవుతుంది. ఆ మడుగుల్లో తాబేళ్లు పొడి కాలమంతా బురదలో మునిగి పడుకునేవి. మేకలు చెట్లను బెరడుతో సహా తినేశాయి. చెట్లు పోయాక మంచు వస్తూనే ఉంది గానీ ఆపేది లేక గాలికి పోయింది, మడుగులు ఎండిపోయాయి. మేక తాబేలును ముట్టుకోనైనా లేదు, దాని నీళ్ల కుండ పగలగొట్టింది. 1997లో మొదలై 2006లో ముగిసిన ‘ఇసబెలా ప్రాజెక్టు’ కింద ఇసబెలా ఉత్తర భాగం, సాంతియాగో, పింటాల్లో లక్షకు పైగా మేకలను కాల్చారు, చాలావరకు హెలికాప్టర్ల మీద నుంచి. చివర్న మిగిలిన జిత్తులమారి మేకలను పట్టడానికి కొన్ని ఆడమేకలకు గొడ్డు ఆపరేషన్ చేసి, మెడకు రేడియో పట్టీ కట్టి వదిలారు. మేక ఒంటరిగా ఉండలేదు. వెతుక్కుంటూ పోయి తనవాళ్లను చేరుతుంది, వేటగాళ్లు సిగ్నల్ పట్టుకుని వెనకే వెళ్తారు. ఇస్కరియోతు యూదా పేరు మీద వీటిని ‘యూదా మేకలు’ అన్నారు.

ఇది క్రూరం కాదా అన్న మూడో అభ్యంతరాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. మేక తనంతట తాను వచ్చింది కాదు, దాని తప్పేమీ లేదు. కానీ కాల్చకపోవడం కూడా ఒక నిర్ణయమే. దాని ఖర్చు దాహంతో, ఆకలితో చచ్చే తాబేళ్లు కడతాయి. పిన్సోన్ దీవి చూడండి. అక్కడి తాబేళ్లు ఏటా గుడ్లు పెట్టేవి, పిల్లలు పగిలి బయటికి వచ్చేవి, ఎలుకలు ఒక్కదాన్నీ మిగల్చకుండా తినేసేవి. నూరేళ్లకు పైగా ఆ దీవి మీద ముసలి తాబేళ్లు తప్ప పిల్ల తాబేలు లేదు. 1960ల నుంచి గుడ్లను సాంతాక్రూజ్‌కు తెచ్చి పొదిగించి, ఎలుక కొరకలేనంత ఎదిగాక తిరిగి వదులుతూ వచ్చారు. 2012లో హెలికాప్టర్లతో దీవంతా విషపు ఎర చల్లి ఎలుకలను తుడిచిపెట్టారు. రెండు మూడేళ్లలోనే, దీవి మీదే పుట్టి బతికిన పిల్లలు కనిపించాయి. దీనికీ మూల్యం ఉంది: ముందుజాగ్రత్తగా బోనుల్లో పెట్టి కాపాడిన డేగల్లో కొన్ని, బయటికి వదిలాక, విషం తిన్న బల్లులను తిని చచ్చాయి. సాంతియాగోలో మేకలు పోగానే ముళ్ల రాస్ప్‌బెర్రీ పొదలు విజృంభించాయి. ఇలాంటి పని చేసేవాళ్లు తప్పులు చేస్తారు. అయినా ఆ తప్పులను లెక్కగట్టి రాసిపెట్టుకుంటున్నారు, అదొక నయం.

వాదానికి అసలైన చిక్కు మరొకచోట ఉంది. మిగిలిన ప్రాణుల్లో కొన్ని మనిషి కదిలించడం వల్లే మిగిలాయి. ఎస్పన్యోలా తాబేళ్లు 14 మాత్రమే, 12 ఆడవి, రెండు మగవి మిగిలినప్పుడు, దశాబ్దాల ముందు ఎవరో పట్టుకుపోయిన మగ తాబేలొకటి అమెరికాలోని సాన్ డియెగో జూలో దొరికింది. దాన్ని 1970ల్లో వెనక్కి తెచ్చి డియెగో అని పేరు పెట్టారు. వందల పిల్లలకు తండ్రయ్యాక 2020లో సొంత దీవికి చేర్చారు. 1930ల్లో ఒక యాత్రా బృందం బాల్ట్రా దీవి ఇగువానాలు ఆకలితో ఉన్నాయని జాలిపడి 70 దాకా పట్టుకుని పక్కనున్న ఉత్తర సెయ్‌మోర్‌లో వదిలింది. తర్వాత బాల్ట్రా మీద యుద్ధకాలపు వైమానిక స్థావరం వచ్చింది, ఇగువానాలు అంతరించాయి. 1991లో తిరిగి తెచ్చినవి సెయ్‌మోర్‌లో పెరిగిన ఆ వంశమే. ఓడ బరువు తగ్గించుకోవడానికి తిమింగలాల వేటగాళ్లు ఇసబెలాలోని వోల్ఫ్ అగ్నిపర్వతం దగ్గర దించేసిన తాబేళ్ల సంతతిలో, ఎప్పుడో అంతరించిన ఫ్లోరియానా తాబేలు రక్తం ఉందని జన్యు పరీక్షల్లో తేలింది. మరి దూరం తెగడం కూడా మంచికే వచ్చిందనవచ్చా? అనలేం. ఈ మూడూ లాటరీ టికెట్లు. తగలని టికెట్టు పేరు జార్జ్. పింటా దీవిలో 1971లో దొరికిన ఒంటరి మగ తాబేలు అది. నలభై ఏళ్లు తోడు కోసం వెతికారు. 2012 జూన్ 24న చనిపోయింది, వంశం అక్కడితో ముగిసింది.

మనుషులు ఇప్పుడు ఈ దీవుల మీద శాశ్వతంగా ఉన్నారు. 2022 జనగణనలో 28,000 పైచిలుకు లెక్కతేలారు. 97 శాతం నేల 1959 నుంచి జాతీయ పార్కు. మిగిలిన మూడు శాతంలోనే ఊళ్లు, చేలు. 1998 చట్టం ప్రధాన భూభాగం నుంచి వలసలకు హద్దు పెట్టింది, చుట్టూ సముద్రాన్ని రక్షిత ప్రాంతం చేసింది. 2017 ఆగస్టులో ఆ హద్దులోకి వచ్చిన ఒక చైనా ఓడలో 6,000కు పైగా సొరచేపలు దొరికాయి. విమానమెక్కే ముందు సంచులు తెరిచి పళ్లూ గింజలూ ఉన్నాయేమో చూస్తారు. జంతువులకు రెండు మీటర్ల దూరంలో ఉండాలి, పార్కులో లైసెన్సున్న గైడు లేకుండా తిరగకూడదు. ఏటా రెండు మూడు లక్షల మంది పర్యాటకులు వస్తుంటే ఇదంతా ఏ మూలకు అన్నది చివరి అభ్యంతరం. నిజంగా బలమైనది కూడా. ప్రతి విమానం, ప్రతి సరుకుల ఓడ ఒక వంతెనే. పిట్ట గూళ్లలో చేరి పిల్లల రక్తం తాగే ఫిలోర్నిస్ అనే ఈగ అలా వచ్చిందే. నూరు దాకా మాత్రమే మిగిలిన మడ అడవి ఫించ్‌ల పిల్లలను దాని నుంచి కాపాడటానికి 2014లో గుడ్లు తెచ్చి చేత్తో పెంచడం మొదలుపెట్టాల్సి వచ్చింది. కానీ కాపలాకు డబ్బు పర్యాటకుల నుంచే వస్తుంది. 2024 ఆగస్టు నుంచి విదేశీయుల్లో ఎక్కువమందికి ప్రవేశ రుసుము 200 డాలర్లు. వంతెన మూసేస్తే కాపలావాడి జీతం ఆగుతుంది. నా మటుకు నాకు మనుషుల రాకకు ఇంకా గట్టి పరిమితి కావాలనే అనిపిస్తుంది, పూర్తిగా ఆపితే మాత్రం తాబేలుకు మేలు జరగదు. ఈ బేరం మనకూ కొత్త కాదు. అండమాన్ సముద్రంలోని నార్కొండం అనే అగ్నిపర్వత దీవిలో తప్ప మరెక్కడా లేని హార్న్‌బిల్ పక్షి కోసం 2012లో కేంద్ర పర్యావరణ శాఖ అక్కడ రాడార్ కేంద్రానికి అనుమతి నిరాకరించింది.

మళ్లీ ఫెర్నాండినా దగ్గరికి వస్తే, అక్కడి తాబేలును 1906లో ఒకసారి చూశాక అంతరించిందనే అనుకున్నారు. 2019లో లావా మధ్య పచ్చటి తునకలో ఒక ముసలి ఆడ తాబేలు దొరికింది. అది ఆ దీవిదేనని డీఎన్ఏ చెప్పింది. ఫెర్నాండినాకూ ఇసబెలాకూ మధ్య ఉన్నది బొలివార్ అనే సన్నని జలసంధి, కొద్ది కిలోమీటర్ల నీళ్లు. ఇసబెలా ఒడ్డున ఓడల్లో వచ్చిన ఎలుకలున్నాయి, పిల్లులున్నాయి. ఫెర్నాండినా ఒడ్డున అలా వచ్చినవి ఇంతవరకు ఒక్కటీ లేదు.